పల్లె పెరటి తోటలో ఈగలు: గుర్తింపు నుంచి అదుపు వరకు సమగ్ర మార్గదర్శి

బీర పాదుకు పడిన పిందె నాలుగు రోజులు తిరక్కుండానే వంకరపోయి, పసుపెక్కి రాలిపోతుంది. పైకి నిగనిగలాడే జామపండును కోస్తే లోపల తెల్లని పురుగులు కదులుతాయి. భోజనానికి కూర్చోగానే కంచం మీద ఈగలు ముసురుతాయి. ఈ మూడూ ఒకే పెరట్లో, తరచుగా ఒకే కాలంలో కనిపిస్తాయి కనుక మూడింటికీ ఒకే మందు వెతకడం సహజమే. అయితే ఆ మూడు ఈగలూ వేర్వేరు జాతులకు చెందినవి. ఒకటి పిందెలో, ఇంకొకటి పండులో, మూడోది పెంటకుప్పలో పెరుగుతాయి. ఒకదానికి పనిచేసే ఉపాయం మరొకదానికీ పనిచేస్తుందని చెప్పలేం.

ఏ ఈగకైనా గుడ్డు, పిల్లపురుగు, కోశస్థ దశ (పురుగు గింజలాంటి గూడులో కదలకుండా ఉండే దశ), రెక్కల ఈగ అని నాలుగు దశలు ఉంటాయి. మన కంటికి కనిపించి చిరాకు పెట్టేది చివరి దశ మాత్రమే. మిగిలిన మూడు దశలూ కాయ లోపలో, మట్టి కిందో, పేడ తడిలోనో గుట్టుగా గడిచిపోతాయి. అందువల్ల ఎగిరే ఈగ మీద మందు కొట్టినంత కాలం ఖర్చే తప్ప ఫలితం ఉండదు. దాని పిల్లపురుగు ఎక్కడ బతుకుతోందో కనిపెట్టి ఆ చోటును చెడగొడితే సగానికి పైగా పని అయిపోతుంది. ఈ వ్యాసంలోని పద్ధతులన్నీ ఆంధ్ర, తెలంగాణ పల్లెల్లో సాధారణంగా ఉండే పెరటిని, అంటే తీగకూరల పందిరి, నాలుగు పండ్ల చెట్లు, ఒక మునగ చెట్టు, పక్కనే పశువుల కొట్టం, పెంటకుప్ప ఉన్న పెరటిని దృష్టిలో పెట్టుకుని చెప్పినవి.

మొదటి మెట్టు: అది నిజంగా ఈగేనా అని తేల్చుకోవడం

ఈగ జాతి కీటకాలన్నిటికీ ఒకే ఒక జత రెక్కలు ఉంటాయి. రెండో జత రెక్కలు ఉండవలసిన చోట గుండుసూది తల వంటి రెండు చిన్న బుడిపెలు ఉంటాయి, ఎగిరేటప్పుడు ఒంటిని నిలకడగా పట్టి ఉంచేవి అవే. తేనెటీగకు, కందిరీగకు, తూనీగకు రెండు జతల రెక్కలు ఉంటాయి కనుక అవి ఈ లెక్కలోకి రావు. టమాట, బెండ ఆకుల అడుగున తెల్లగా పొడిలా లేచే తెల్లదోమ కూడా ఈగ జాతి కాదు. అది రసం పీల్చే పురుగుల కుటుంబానికి చెందినది, దాని నివారణ వేరే విషయం.

పురుగు దశలో పోలిక పట్టడం ఇంకా తేలిక. ఈగ పిల్లపురుగుకు కాళ్లు ఉండవు, విడిగా కనిపించే తల ఉండదు, ముందు భాగం సన్నగా, వెనుక భాగం మొద్దుగా ఉంటుంది. కాయలో దొరికిన పురుగుకు గోధుమ రంగు తల, ఛాతీ కింద కాళ్లు ఉంటే అది రెక్కలపురుగు సంతానం. వంకాయలో కాయతొలుచు పురుగు, టమాటలో శనగపచ్చ పురుగు ఆ కోవకు చెందినవి. ఈ ఒక్క పరీక్ష చేయకపోవడం వల్లనే వంకాయ పురుగుకు పండు ఈగ ఎరలు కట్టి, అవి పనిచేయడం లేదని వాపోయేవారు కనిపిస్తుంటారు.

రెండో మెట్టు: పెరడంతా తిరిగి ఆనవాళ్లు చూడటం

ఉదయం ఎండ ముదరక ముందు పందిరి దగ్గర మొదలుపెట్టండి. బీర, కాకర, దోస, సొర, పొట్ల, గుమ్మడి పిందెల మీద సూదితో పొడిచినంత చిన్న గాటు, ఆ గాటు నుంచి కారి గట్టిపడిన జిగురు బొట్టు ఉన్నాయేమో చూడండి. ఉంటే తల్లి ఈగ అక్కడ గుడ్లు పెట్టి వెళ్లిందని అర్థం. ఆ పక్క పెరుగుదల ఆగిపోవడం వల్ల కాయ వంకర తిరుగుతుంది, తర్వాత మెత్తబడి కుళ్లుతుంది. దీనికి కారణమైన తీగజాతి పండు ఈగ ఇంటి ఈగ కన్నా కాస్త పెద్దది, ఎర్రని గోధుమ వన్నెలో ఉంటుంది. వీపు మీద పసుపు చారలు, రెక్కల మీద గోధుమ మచ్చలు ఉంటాయి. పొట్టి కందిరీగలా కనిపిస్తుంది కానీ కుట్టదు. పొద్దు వాలే వేళ పందిరి ఆకుల అడుగున, పక్కనే ఉన్న ఆముదం, మొక్కజొన్న మొక్కల మీద తల దాచుకుంటుంది.

తర్వాత మామిడి, జామ చెట్ల కిందికి వెళ్లండి. రాలిన కాయలను చేతిలోకి తీసుకుని మెత్తబడిన చోట నొక్కి చూడండి. గాటు చుట్టూ నీరు పట్టినట్టు మారిన మచ్చ, కోస్తే గుజ్జులో మీగడ రంగు పురుగులు ఉంటే అది మామిడి, జామలను ఆశించే పండు ఈగ పనే. బాగా ఎదిగిన ఆ పురుగులు ఒంటిని విల్లులా వంచి ఒక్కసారిగా ఎగిరి దూకుతాయి. ఈ దూకుడు చూస్తే ఇక అనుమానం అక్కరలేదు. ఈ రకం ఈగకు వీపు నల్లగా, దానికి రెండు వైపులా పసుపు గీతలు ఉంటాయి. రెక్కలు దాదాపు పారదర్శకంగా ఉంటాయి. తీగజాతి ఈగకూ దీనికీ ఉన్న తేడాను గుర్తుపెట్టుకోవాలి, ఎందుకంటే రెండింటికీ కట్టవలసిన ఎరలు వేరు.

పగిలిన పండు చుట్టూ, అరటి గెల దగ్గర, పులిసిన కల్లు కుండ దగ్గర ముసిరే ఎర్రకళ్ల బుల్లి ఈగలు మరో రకం. అవి పండిపోయి పులిసిన దాని మీదే వాలతాయి తప్ప చెట్టు మీది గట్టి కాయను పొడవలేవు. వాటిని దోషులుగా పట్టుకోకండి, చెడిన పండును తీసేస్తే అవే పోతాయి.

మునగ చెట్టు కింద నిలబడి కాయల కొనలను గమనించండి. కొన దగ్గర జిగురు కారి, కాయ కొన నుంచి పైకి ఎండుకుంటూ చీలిపోతుంటే అది మునగ కాయ ఈగ. చిక్కుడు, అలసంద, పెసర మొలకలు రెండు మూడు ఆకుల దశలో పసుపెక్కి వాలిపోతుంటే ఒక మొక్కను పీకి, కాండాన్ని నేలకు ఆనే చోట గోటితో చీల్చండి. అక్కడ కాండం ఉబ్బి పగిలి, లోపల వడ్లగింజ కన్నా చిన్నవైన గోధుమ రంగు గూళ్లు కనిపిస్తే కాండపు ఈగ ఆశించిందని నిర్ధారించుకోవచ్చు. టమాట, చిక్కుడు, బంతి, దోస ఆకుల మీద తెల్లని గీతలు మెలికలు తిరుగుతూ పోతే అది ఆకు తొలుచు ఈగ. దీని అమెరికా రకం 1990ల ఆరంభంలో మన దేశంలో కనిపించి, కొద్ది ఏళ్లలోనే దాదాపు ప్రతి కూరగాయ మడికీ చేరింది. నిమ్మ లేతాకుల మీద వెండి జిలుగుతో అలాంటి గీతలే పడి ఆకు ముడుచుకుంటే మాత్రం అది ఈగ పని కాదు, ఒక చిన్న రెక్కలపురుగు పని.

చివరగా కొట్టం, పెంటకుప్ప, కుడితి గోలెం. బూడిద రంగు వీపు మీద నాలుగు నల్ల చారలు ఉండేది ఇంటి ఈగ. చూపుకు దాదాపు అలాగే ఉండి, మూతి సూదిలా ముందుకు పొడుచుకు వచ్చి, పశువుల కాళ్లను పట్టి రక్తం పీల్చేది కొట్టపు ఈగ. పశువులు ఊరికే కాళ్లు తాటిస్తుంటే, తోక ఆపకుండా ఆడిస్తుంటే దాన్ని అనుమానించాలి. లోహపు మెరుపుతో పచ్చగా, నీలంగా ఉండే పెద్ద ఈగలు చచ్చిన ఎలుక, చేపల వ్యర్థం, కోడి పేగులు ఎక్కడో కుళ్లుతున్నాయని చెబుతాయి. ఆ చోటు వెతికి పూడ్చిపెడితే సరిపోతుంది.

మూడో మెట్టు: అనుమానం తీరకపోతే సీసా పరీక్ష

వెడల్పు మూతి ఉన్న ప్లాస్టిక్ డబ్బా అడుగున రెండు అంగుళాల మందాన కాస్త తడిపిన ఇసుక పోసి, దాని మీద పుచ్చు పట్టిన కాయలు రెండు మూడు ఉంచండి. మూతికి పలుచని నూలు గుడ్డ కట్టి నీడలో పెట్టండి. పురుగులు ఎదిగాక కాయ విడిచి ఇసుకలోకి దిగి గింజల్లాంటి గూళ్లుగా మారతాయి. మన వేసవి, వానాకాలపు వేడిలో రెండు వారాలకు కాస్త అటూ ఇటూగా రెక్కల ఈగలు బయటికి వస్తాయి. అప్పుడు రంగు, రెక్కల మచ్చలు తీరిగ్గా చూడవచ్చు, కృషి విజ్ఞాన కేంద్రానికి పట్టుకెళ్లి చూపించనూ వచ్చు. ఈగలకు బదులు సన్నని నడుము, రెండు జతల రెక్కలు ఉన్న చిన్న కందిరీగల్లాంటివి వస్తే సంతోషించండి. అవి పండు ఈగ పురుగుల మీద బతికే పరాన్నజీవులు, అంటే మీ పెరట్లో మీకు తెలియకుండానే ఒక సాయం నడుస్తోంది.

నాలుగో మెట్టు: పండు ఈగలను అదుపు చేయడం

పెరటి తోటకు నిజమైన నష్టం చేసేది ఇదే కనుక ఎక్కువ శ్రద్ధ ఇక్కడే పెట్టాలి. ఒక తల్లి ఈగ తన జీవితకాలంలో కొన్ని వందల గుడ్లు పెడుతుంది. గుడ్డు ఒకటి రెండు రోజుల్లో పగులుతుంది, పురుగు వారం రోజుల పాటు గుజ్జు తింటుంది, తర్వాత నేలలోకి రెండు మూడు అంగుళాల లోతుకు దిగి వారం నుంచి పది రోజులు కోశస్థ దశలో ఉంటుంది. ఈ లెక్కన పందిరి కింద రాలిన ఒక్క కాయను వదిలేస్తే మూడు వారాల్లో అదే పందిరి మీదికి కొత్త తరం ఎగిరి వస్తుంది.

అందుకే అన్నిటికన్నా ముందు చేయవలసింది రాలిన కాయలు ఏరడం. గాటు పడిన, వంకర తిరిగిన, పసుపెక్కిన పిందెలను చెట్టు మీద ఉన్నా తెంపేయాలి. ఈగలు ఉధృతంగా ఉన్న రోజుల్లో రోజూ, మిగిలిన రోజుల్లో రెండు మూడు రోజులకోసారి ఇది జరగాలి. ఏరిన కాయలను గట్టు అవతల విసిరేయడం, పెంటకుప్పలో పైపైన వేయడం రెండూ ఈగలను పెంచి పోషించడమే. నల్లని మందపాటి ప్లాస్టిక్ సంచిలో వేసి, మూతి గట్టిగా కట్టి, ఎండలో వారం పది రోజులు పడేస్తే లోపలి వేడికి పురుగులు చస్తాయి. సంచి లేకపోతే రెండడుగుల గొయ్యి తీసి వేసి మట్టి కప్పి తొక్కాలి. గేదె ఉన్న ఇంట్లో ఆ కాయలను తరిగి దాణాగా వెంటనే పెట్టేయవచ్చు, కాకపోతే ఆ పూటకు ఆ పూటే పెట్టాలి. నా అభిప్రాయంలో ఈ ఒక్క అలవాటు లేని పెరట్లో ఎన్ని ఎరలు కట్టినా చేతికి వచ్చే కాయలు పెద్దగా పెరగవు.

రెండో ఉపాయం కాయకు తొడుగు వేయడం. పెరట్లో కాయలు లెక్కపెట్టగలిగినన్నే ఉంటాయి కనుక పొలంలో కష్టమైన ఈ పని ఇక్కడ సులువు. పూవు పరాగ సంపర్కం పొంది, రేకలు వాడి, పిందె ఉబ్బడం మొదలైన రెండు మూడు రోజుల్లోపే పాత కాగితంతో చేసిన పొట్లం, పలుచని నూలు గుడ్డ సంచి, లేదా సన్నని వల సంచి తొడిగి తొడిమ దగ్గర వదులుగా దారం కట్టాలి. పూవు విచ్చక ముందే తొడిగితే తేనెటీగలు రాక పిందే నిలవదు. కాకర, దోసలకు ఇది చక్కగా కుదురుతుంది. బీర, పొట్లకు పొడవు సంచి కావాలి. జామకు కాయ నిమ్మకాయంత ఉన్నప్పుడు, మామిడికి కోడిగుడ్డంత ఉన్నప్పుడు తొడుగు వేస్తే మచ్చలు లేని పండు కూడా వస్తుంది. మన మామిడి రైతులు చాలామంది ఇప్పుడు ఈ కాగితపు తొడుగులను తోటల్లోనే వాడుతున్నారు.

మూడోది ఆకర్షక ఎర. మామిడి, జామలను ఆశించే రకాల మగ ఈగలు మిథైల్ యూజినాల్ అనే పదార్థానికి, తీగజాతి కూరలను ఆశించే రకం మగ ఈగలు క్యూ లూర్ అనే పదార్థానికి వస్తాయి. మామిడి ఎరను బీర పందిరికి కడితే బుట్టెడు ఈగలు పడినా బీరకాయలకు ఒరిగేదేమీ ఉండదు. దుకాణంలో అడిగేటప్పుడు పంట పేరు చెప్పి తీసుకోండి. తయారుగా దొరికే డబ్బా కొనకపోయినా, లీటరు నీళ్ల సీసాకు పై భాగంలో పెన్సిల్ దూరేంత రంధ్రాలు నాలుగు చేసి, ఎర దిమ్మెను (ఆ పదార్థం పట్టించిన ముక్కను) మూత నుంచి తీగతో లోపలికి వేలాడదీసి, వాన నీరు పోవడానికి అడుగున సన్నని చిల్లు పెడితే చాలు. దాన్ని మనిషి తల ఎత్తున, నీడ పడే కొమ్మకు, గాలి ఆడే చోట కట్టాలి. తీగకు గ్రీజు రాస్తే చీమలు వచ్చి పడిన ఈగలను ఎత్తుకుపోవు. ఒక పెరటికి ఒక్కో రకం ఎర ఒకటి రెండు చాలు. దిమ్మెను పొట్లం మీద రాసిన గడువుకు మార్చాలి, వాసన రావడం లేదని మన ముక్కుతో నిర్ణయించకూడదు.

ఈ ఎరల బలం, బలహీనత రెండూ తెలిసి ఉండాలి. ఇవి మగ ఈగలనే పట్టుకుంటాయి, కాయను పొడిచేది ఆడ ఈగ. మిగిలిన కొద్ది మగ ఈగలే అనేక ఆడ ఈగలతో జత కట్టగలవు, పైగా పక్క పెరటి నుంచి అప్పటికే జత కట్టిన ఆడ ఈగలు ఎగిరి వస్తాయి. అందువల్ల ఒక్క ఇల్లు కట్టిన ఎర ఈగల రాకను తెలుసుకోవడానికి ఉపయోగపడుతుంది, వీధిలో పది ఇళ్లు ఒకేసారి కడితే ఈగల సంఖ్యను తగ్గిస్తుంది. వారానికోసారి సీసాలో పడిన ఈగలను లెక్కపెట్టి గోడ మీది క్యాలెండర్‌లో రాసుకుంటే ఏ నెలలో తొడుగులకు తొందరపడాలో మరుసటి ఏడాదికి తెలిసిపోతుంది. మామిడి ఈగలు వేసవి ముదిరి తొలకరి జల్లులు పడే రోజుల్లో బాగా పెరుగుతాయి. జామలో వానాకాలపు కాపు ఎక్కువగా దెబ్బతింటుంది, చలికాలపు కాపు దాదాపు శుభ్రంగా దక్కుతుంది. అందుకే వానాకాలపు పూతను తగ్గించి చలికాలపు కాపు మీద ఆశ పెట్టుకోవడం జామ చెట్టు ఉన్న ఇంటికి తెలివైన పని.

ఆడ ఈగలను రప్పించడానికి తిండి వాసన కావాలి. గుడ్లు పరిపక్వం కావడానికి వాటికి మాంసకృత్తులు అవసరం కనుక పులిసిన వాసనకు వస్తాయి. బాగా మాగిన అరటిపండు ఒకటి చిదిమి, నిమ్మకాయంత బెల్లం, గ్లాసెడు నీళ్లు కలిపి రెండు రోజులు పులియనిచ్చి, అవే రంధ్రాలున్న సీసాలో పోసి పందిరి చివర కట్టవచ్చు. రెండు మూడు చుక్కల సబ్బు నీరు కలిపితే పడిన ఈగ తేలకుండా మునిగిపోతుంది. వారానికోసారి పారబోసి కొత్తది పోయాలి. దీన్ని పందిరి మధ్యలో కట్టకూడదు, లేని ఈగలను పిలిచి కాయల దగ్గర కూర్చోబెట్టినట్టు అవుతుంది. పెరటి అంచున ఉన్న ఆముదం, మొక్కజొన్న మొక్కల దగ్గర, అవి సాయంత్రం చేరే చోటే దీనికి తగిన తావు.

నేల కింద ఉన్న కోశస్థ దశను కోళ్లకు వదిలేయండి. పాదు చుట్టూ, చెట్టు నీడ పడినంత మేర పది రోజులకోసారి పారతో రెండు మూడు అంగుళాలు పైపైన కదిపి కోళ్లను వదిలితే గూళ్లను గీరుకుని తింటాయి, మిగిలినవి ఎండకు పోతాయి. వేర్లు పైపైనే ఉండే తీగజాతికి లోతుగా తవ్వకూడదు.

కోత విషయంలో ఆలస్యం పనికిరాదు. మామిడిని చెట్టు మీద పండనిచ్చే కొద్దీ ఈగకు అవకాశం పెరుగుతుంది. పక్వానికి వచ్చిన పచ్చికాయగా కోసి ఇంట్లో మాగవేయడం మేలు. ఎగుమతి చేసే మామిడికి 48 డిగ్రీల సెల్సియస్ వేడి నీటిలో గంట సేపు ఉంచే పద్ధతి ఉంది, అది పండు లోపలి గుడ్లను, పురుగులను చంపుతుంది. ఈ ఈగ ఎంత పెద్ద సమస్యో చెప్పడానికి ఒక ఉదాహరణ చాలు: 2014 మే నెల నుంచి యూరోపియన్ యూనియన్ మన మామిడితో పాటు కాకర, పొట్ల, వంకాయ, చేమ దిగుమతులను పురుగుల కారణంగా ఆపేసింది. మామిడి మీది నిషేధాన్ని 2015 ఆరంభంలో ఎత్తివేసింది. ఇంట్లో మాత్రం థర్మామీటరు లేకుండా వేడినీటి ప్రయోగం చేయవద్దు, రెండు మూడు డిగ్రీల తేడాకే కాయ ఉడికిపోతుంది.

అయిదో మెట్టు: మునగ, చిక్కుడు, ఆకు తొలుచు ఈగలు

మునగ కాయ ఈగకు కూడా రాలిన, ఎండిన కాయలను ఏరి కాల్చడం లేదా పూడ్చడం, చెట్టు కింద మట్టి కదపడమే ప్రధానం. కాయలు పెన్సిల్ మందం దాటే దశలో వేపగింజల కషాయం పిచికారీ చేస్తే గుడ్లు పెట్టడం తగ్గుతుంది. ఎండిన వేపగింజల పప్పు 50 గ్రాములు దంచి, లీటరు నీటిలో రాత్రంతా నానబెట్టి, పలుచని గుడ్డతో వడకట్టి, చిటికెడు సబ్బు పొడి కలిపి సాయంత్రం చల్లాలి. ఎండలో చల్లితే వేప గుణం త్వరగా పోతుంది. పది రోజులకోసారి చల్లవచ్చు.

చిక్కుడు మొలకల్లో కాండపు ఈగ పడితే అప్పటికే వాలిన మొక్కలను పీకి కాల్చేయాలి. మిగిలిన మొక్కల మొదలుకు మట్టి ఎగదోస్తే దెబ్బతిన్న చోటికి పైన కొత్త వేర్లు పుట్టి చాలావరకు కోలుకుంటాయి. ఒక్కో గుంటలో రెండు గింజలు అదనంగా వేసుకుని, నిలిచినవి చూసి పలుచన చేసుకోవడం పాత పద్ధతే అయినా ఇప్పటికీ సరైనదే.

ఆకు తొలుచు ఈగను చూసి కంగారు పడేవారే ఎక్కువ. అడుగు ఆకుల మీద నాలుగు గీతలు పడినంత మాత్రాన టమాట కాపు తగ్గదు. గీతలున్న ఆకులను తెంపి నలిపేయడం, పసుపు రంగు పూసిన రేకు ముక్కకు ఆముదం రాసి మొక్క ఎత్తున కట్టడం సరిపోతుంది. పెద్ద ఈగల కన్నా ఈ రకం మీదే పసుపు అట్ట బాగా పనిచేస్తుంది. ఘాటైన పురుగుమందు కొడితే ఆకు పొరల మధ్య దాక్కున్న పురుగు బతికిపోయి, దాన్ని తినే పరాన్నజీవులు మాత్రం చచ్చిపోతాయి. తర్వాతి తరం మరింత ఉధృతంగా వస్తుంది.

ఆరో మెట్టు: పెంటకుప్ప, కొట్టం

ఇంటి ఈగ ఒక్కో విడతకు వంద గుడ్లకు పైగా పెడుతుంది. మన వేడిలో గుడ్డు నుంచి ఈగ కావడానికి వారం నుంచి పది రోజులు చాలు. ఈ లెక్కలోనే విరుగుడూ ఉంది: కొట్టంలోని పేడ, కోళ్ల గూటి అడుగు, గాడి కింద తడిసిన గడ్డి వారానికి రెండుసార్లు తీసేస్తే పురుగు ఈగ కాకముందే దాని చోటు మారిపోతుంది. తీసిన పేడను పల్చగా పరిచి పిడకలుగా ఎండబెట్టడం, లేదా గోబర్ గ్యాస్ తొట్టిలో వేయడం అన్నిటికన్నా మంచిది. ఆరిన పేడలోనూ, గ్యాస్ తీసేసిన ముద్దలోనూ ఈగలు తక్కువగా పుడతాయి.

పెంటకుప్ప తప్పదనుకుంటే దాన్ని పరచుకోనివ్వక, గొయ్యిలో గానీ ఎత్తుగా నిటారు పక్కలతో గానీ వేయాలి. మధ్య భాగం మాగే కొద్దీ చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతుంది, అక్కడ పురుగు బతకదు. అంచుల్లోని తడి పొరలోనే అవి పెరుగుతాయి. అందుకే వారానికోసారి అంచులను పారతో తీసి మధ్యలోకి వేయాలి, ప్రతి కొత్త పొర మీద రెండు మూడు అంగుళాల పొడి మట్టి లేదా ఎండుటాకులు కప్పాలి. నల్లని టార్పాలిన్ కప్పి చుట్టూ రాళ్లు పెడితే మరీ మంచిది. ఈగల కోసం కుప్ప మీద సున్నం చల్లడం చాలా ఊళ్లలో చూస్తుంటాం. అది పేడలోని నత్రజనిని అమ్మోనియాగా గాలిలో కలిపేస్తుంది, ఎరువు బలం పోతుంది.

కోళ్ల పెంటలో తడే అసలు శత్రువు. నీళ్ల గిన్నె ఒలికే చోట ఇటుక మీద గిన్నె పెట్టి, అడుగున వరి ఊక పరిస్తే పెంట పొడిపొడిగా ఉంటుంది. కుడితి గోలేనికి మూత, కొట్టంలో మూత్రం పోయే కాలువకు వాలు, గాడిలో మిగిలిన గడ్డిని రోజూ ఊడ్చడం కొట్టపు ఈగకు విరుగుడు. అది తడిసి పులిసిన గడ్డిలోనే ఎక్కువగా పెరుగుతుంది. ఈగల సీసా కట్టదలచుకుంటే వంటింటికి, తినే చోటికి దూరంగా, కొట్టం అవతలి వైపు కట్టాలి.

ఏడో మెట్టు: చంపకూడని ఈగలు

గాలిలో ఒకే చోట కదలకుండా నిలిచి, చటుక్కున పక్కకు జరిగి మళ్లీ నిలిచే పసుపు, నలుపు పట్టీల చిన్న ఈగను సిర్ఫిడ్ ఈగ అంటారు. తేనెటీగలా కనిపిస్తుంది, కుట్టదు. దాని పిల్లపురుగు చిన్న ఆకుపచ్చ జలగలా చిక్కుడు కొనల మీద పాకుతూ పేనుబంకను వరసగా తినేస్తుంది. పేనుబంక పట్టిన కొమ్మను తెంపి పారేసే ముందు ఆ పురుగు ఉందేమో చూడండి. కొత్తిమీర, సోంపు, ఆవ మొక్కలు నాలుగైదు పూతకు వదిలేస్తే ఆ తేనె కోసం ఈ ఈగలు పెరట్లోనే ఉండిపోతాయి.

బెండ ఆకుల మీద పచ్చని మెరుపుతో, పొడవైన కాళ్లతో చకచకా తిరిగే బుల్లి ఈగలు కూడా చిన్న పురుగులను వేటాడేవే. కుళ్లిన మాంసం మీది పచ్చ ఈగలతో వాటిని పోల్చవద్దు, ఇవి వాటిలో సగం కూడా ఉండవు. ఒళ్లంతా ముళ్ల వెంట్రుకలతో ఉండి గొంగళి పురుగుల మీద గుడ్లు పెట్టే ఈగలూ ఉన్నాయి. గొంగళి వీపు మీద తెల్లని చిన్న గుడ్లు అంటుకుని ఉంటే దాన్ని చంపకుండా వదిలేయాలి.

వంటింటి చెత్త వేసే కంపోస్టు తొట్టిలో గోధుమ, బూడిద రంగులో చదునుగా, గట్టి చర్మంతో అర అంగుళం దాటిన పురుగులు కనిపిస్తే అవి బ్లాక్ సోల్జర్ ఈగ పిల్లలు. పెద్ద ఈగ నల్లగా, పొడవుగా కందిరీగలా ఉంటుంది, ఇంట్లోకి వచ్చి తిండి మీద వాలే అలవాటు దానికి లేదు. చెత్తను వేగంగా అరగదీస్తుంది, అది ఉన్న తొట్టిలో ఇంటి ఈగలు తగ్గుతాయి, ఎక్కువైన పురుగులు కోళ్లకు మేలైన మేత. ఇంటి ఈగ పురుగులు మాత్రం మెత్తగా, మీగడ తెలుపులో, కొన సూదిగా ఉండి గుంపుగా కదులుతాయి. ఈ తేడా తెలియక తొట్టిని మందుతో తడిపేయడం కద్దు.

ఎనిమిదో మెట్టు: మందు తప్పనప్పుడు

బెల్లం నీటిలో మలాథియాన్ కలిపి చల్లే విషపు ఎర పాత పుస్తకాల్లో, రైతుల నోట ఇంకా వినిపిస్తుంది. 2023లో కేంద్ర ప్రభుత్వం మామిడి, టమాట, వంగ, బెండ వంటి అనేక పంటల మీద ఈ మందు వాడకానికి ఉన్న అనుమతిని తొలగించింది. పెరట్లో ఈ మొక్కలన్నీ పందిరికి మూరెడు దూరంలోనే ఉంటాయి, కోళ్లు కిందే తిరుగుతాయి, కోసిన కూర ఆ పూటే వండుతాం. కనుక తోట మొత్తం తడిసేలా మందు కొట్టే ఆలోచననే పక్కన పెట్టాలని నా గట్టి సలహా. ఏరడం, తొడుగు, ఎర, వేప కషాయం నాలుగూ చేసినా నష్టం ఆగకపోతే సీసా పరీక్షలో వచ్చిన ఈగలను, దెబ్బతిన్న కాయను తీసుకుని మండల ఉద్యాన అధికారిని గానీ దగ్గరి కృషి విజ్ఞాన కేంద్రాన్ని గానీ కలవండి. కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551 నంబరుకు ఫోన్ చేసి తెలుగులోనే అడగవచ్చు. వారు సూచించిన మందు డబ్బా మీద మీ పంట పేరు, కోతకు ముందు ఆగవలసిన రోజులు రాసి ఉన్నాయో లేదో కొనే ముందే చూసుకోండి. చల్లవలసి వస్తే తేనెటీగలు గూటికి చేరిన సాయంత్రం వేళ, పూత మీద పడకుండా చల్లాలి.

కాపు ముగిసిన పాదును పందిరి మీదే ఎండిపోనిస్తే దాని మీద మిగిలిన చివరి కాయలు వచ్చే పంటకు ఈగలను దాచిపెడతాయి. చివరి కోత అయిన వారంలోపే తీగలు లాగి, విత్తనానికి ఉంచిన కాయ తప్ప మిగిలినవన్నీ గొయ్యిలో వేసి కప్పండి. ఆ చోట మట్టిని వేసవి ఎండకు ఒకసారి తిరగవేసి, మరుసటి విడత అక్కడ మళ్లీ బీర, కాకర కాకుండా గోంగూర, తోటకూర వంటి ఆకుకూర వేయండి.